చిన్న ఊరికి పెద్ద చుట్టాలు

మీ ఇంట్లో ఉండేది నలుగురే అనుకోండి. సంక్రాంతికి ఆడపడుచుగారి కుటుంబం, మరిదిగారి కుటుంబం కలిసి ఎనిమిది మంది దిగారంటే మన పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? పాలు ఇంకో రెండు లీటర్లు, అటక మీది పరుపులు కిందికి, బాత్‌రూమ్ ముందు క్యూ, మధ్యాహ్నం మూడైనా వంటింట్లోంచి బయటపడని మనం!

సరే, ఆ ఎనిమిది మంది సంగతి పక్కన పెట్టండి. అదే ఇంటి ముందుకి పది రోజుల్లో రెండొందల అరవై బళ్లు వచ్చిపోతాయనుకోండి. గుండె గుభేలుమందా? నవ్వులాటకి చెప్పడం లేదండీ. అమెరికాలో ఒక చిన్న ఊరికి ప్రతి ఆగస్టులోనూ జరిగేది ఇదే.

ఆ ఊరి పేరు స్టర్జిస్. సౌత్ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ అనే కొండల అంచున ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది 7,020 మంది. మన దగ్గర మండల కేంద్రాలు చాలావరకు ఇంతకంటే పెద్దవి. ఏటా ఆగస్టు మొదట్లో పది రోజుల పాటు అక్కడ మోటార్‌సైకిళ్ల జాతర జరుగుతుంది. వాళ్లు ర్యాలీ అంటారు. చూసినవాళ్లకి మాత్రం జాతర అనే మాటే నోటికొస్తుంది. 2023లో ఆ పది రోజుల్లోనూ ఊళ్లోకి వచ్చే దారుల్లో నిలబడి లెక్కపెడితే సుమారు 4,58,000 వాహనాలు తేలాయి. ఒకే బండి నాలుగు రోజులు వస్తే నాలుగుసార్లు లెక్కలో పడుతుంది, నిజమే. అయినా ఊళ్లో ఒక్కొక్క మనిషికి అరవై అయిదు బళ్లు! 2015లో డెబ్బై అయిదో ర్యాలీ జరిగినప్పుడైతే ఏడు లక్షల మంది పైచిలుకు వచ్చారని అంచనా వేశారు.

ఇల్లాలికి మోటార్‌సైకిళ్లతో పనేమిటి అంటారా? కాస్త ఓపిక పట్టండి. ఈ కథ మొదలైందే ఒక ఇంటి పెరట్లో, ఒక ఇల్లాలి వంటతో.

దారిలో మంచినీళ్లు

మా అమ్మాయి, అల్లుడు డెన్వర్‌లో ఉంటారు. 2023 ఆగస్టులో నేను అక్కడ ఉన్నప్పుడు, కొండ రాయిలో నలుగురు ప్రెసిడెంట్ల మొహాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ చూపిస్తామన్నారు. వెళ్లే రోజులు సరిగ్గా ర్యాలీ రోజులయ్యాయి. "అత్తయ్యగారూ, ఎటూ వెళ్తున్నాం, ఆ తిరునాళ్లు కూడా చూసేద్దాం" అన్నాడు మా అల్లుడు. దగ్గర్లో ఉన్న ర్యాపిడ్ సిటీలో హోటల్ గది అద్దె వింటే కళ్లు తిరిగాయి. ఆ పది రోజులూ చుట్టుపక్కల ఊళ్లన్నింట్లోనూ రేట్లు ఆకాశాన్నంటుతాయి. అందుకని ఇంకా తూర్పుగా, స్టర్జిస్‌కి నూట ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, వాల్ అనే పల్లెలో దిగాం.

ఆ పల్లెలో ఒక మందుల షాపు ఉంది. పేరు వాల్ డ్రగ్. మందుల షాపు అంటే మన వీధి చివరి మెడికల్ షాపు అనుకునేరు! లోపల భోజనశాల, బొమ్మలు, బూట్లు, పుస్తకాలు... ఒక పెద్ద బజారే. దానికి ముందు వెనక ఒక చక్కని కథ ఉంది, వినండి.

1931లో టెడ్ హస్టెడ్ అనే కుర్ర ఫార్మసిస్టు, ఆయన భార్య డొరొతీ ఆ షాపు కొన్నారు. ఊరా, మూడొందల చిల్లర గడప కూడా లేనిది. కాలమా, దేశమంతా డబ్బుకి కటకటలాడుతున్న కాలం. ఐదేళ్లు చూద్దాం, కుదరకపోతే పోదాం అనుకున్నారు. ఐదో ఏడు వచ్చినా గల్లాపెట్టె నిండలేదు. 1936 జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం, పిల్లల్ని పడుకోబెట్టి తనూ ఓ కునుకు తీద్దామని ఇంటికెళ్లింది డొరొతీ. రోడ్డు మీద కార్ల రొదకి నిద్ర పట్టలేదు. ఇంకొకరైతే విసుక్కునేవారే. ఈవిడ మాత్రం ఇంత ఎండలో ఇంతమంది పోతున్నారే, వీళ్లందరికీ దాహం వేస్తూ ఉంటుంది కదా అని ఆలోచించింది. మా షాపులో ఐసు నీళ్లు ఉచితం అని రోడ్డు పక్కన బోర్డులు పెడదామని మొగుడితో చెప్పింది. బోర్డులు పాతారు. కార్లు ఆగడం మొదలైంది. నీళ్లు తాగినవాళ్లు ఊరికే పోతారా? ఒక ఐస్‌క్రీమో, తలనొప్పి మాత్రో కొనుక్కున్నారు. అక్కణ్ణుంచి వెనక్కి చూసుకోలేదు.

ఆ ఐసు నీళ్లు ఇప్పటికీ ఉచితమే. నేనూ తాగాను. ఎండన పడి వచ్చినవాళ్లకి ముందు చల్లని మంచినీళ్లివ్వడం మనకేం కొత్త కాదు, మన చలివేంద్రాల సంగతి మీకు తెలిసిందే. అయితే అది ఆవిడ తనంతట తాను అనుకుని చేసిన పని. ఎవరూ ఆవిడ నెత్తిన పెట్టింది కాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

పెరట్లో గుడారాలు, వంటింట్లో పెర్ల్

సరిగ్గా అదే 1936లో స్టర్జిస్‌లో ఇంకో ఇంటి కథ మలుపు తిరిగింది. చిత్రం ఏమిటంటే, అందులోనూ ఐసు ఉంది! క్లారెన్స్ హోల్ అనే ఆయన కుటుంబానిది ఐసు గడ్డల వ్యాపారం. ఇళ్లల్లోకి ఫ్రిజ్‌లు వచ్చేసరికి ఐసు గడ్డలు కొనేవాళ్లు తగ్గిపోయారు. మనకి సుఖమైంది ఆయనకి దెబ్బ అయింది. బతుకుతెరువు మార్చుకుని ఇండియన్ అనే కంపెనీ మోటార్‌సైకిళ్లు అమ్మడం మొదలుపెట్టాడు. పేరుకే ఇండియన్ గాని అది అమెరికా కంపెనీయే. బళ్లు కొన్న కుర్రాళ్లతో కలిసి జాక్‌పైన్ జిప్సీస్ అని ఒక క్లబ్బు పెట్టాడు. 1938 ఆగస్టు 14న ఊళ్లో మొదటి పోటీ జరిగింది. పందెంలో దిగింది తొమ్మిది మంది. చూడ్డానికొచ్చింది రెండొందల మంది. అంతే! చెక్కగోడల్ని గుద్దుకుని దూసుకుపోవడం, కార్లని ఎదురుగా ఢీకొట్టడం లాంటి ఒళ్లు గగుర్పొడిచే విన్యాసాలు కూడా చేసేవారట.

దూరాభారం నుంచి బళ్ల మీద వచ్చిన ఆ కుర్రాళ్లు ఎక్కడ పడుకోవాలి? హోల్‌గారి పెరట్లో గుడారాలు వేసుకున్నారు. ఏం తినాలి? ఆయన భార్య పెర్ల్ వండి పెట్టింది. ఏటా ఆగస్టు వచ్చేసరికి పెరడు నిండేది, ఆవిడ పొయ్యి వెలిగేది. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషను పెట్టినప్పుడు ర్యాలీ ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ దంపతులు ఊరికి పెద్దదిక్కయ్యారు. ఆయన్ని అందరూ ప్యాపీ అని, అంటే నాన్నగారూ అన్నట్టుగా పిలిచేవారు. 1989లో ఆయన పోయారు. పెర్ల్ 2005 వరకు ఉంది. అప్పటికి ఆవిడకి వందేళ్లు దగ్గరపడ్డాయి. తన పెరట్లో రెండు మూడు పదుల గుడారాలుగా చూసినది లక్షల మంది సంబరంగా మారడం కళ్లారా చూసి వెళ్లింది.

ఊళ్లో పాత పోస్టాఫీసు భవనంలో మోటార్‌సైకిళ్ల మ్యూజియం ఉంది. వరసగా పాత బళ్లు, తళతళా మెరుస్తూ. మా అల్లుడు ఇంజన్ల దగ్గర నిలబడిపోయాడు గాని, నా మనసు మాత్రం పెర్ల్ మీదే ఉంది. రెండొందల మంది చూసిన పందెంలో ఎవరు గెలిచారో ఈవేళ ఎంతమందికి తెలుసు? వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ రావడానికి ఆ పందెం ఎంత కారణమో, కడుపు నిండా పెట్టిన ఆ చెయ్యి కూడా అంతే కారణం అనిపించింది.

మెయిన్ స్ట్రీట్‌లో ఒక పూట

ఇక ర్యాలీ ఎలా ఉందో చెప్పాలి కదా. ఊరి మెయిన్ స్ట్రీట్‌లోకి ఆ పది రోజులూ కార్లని రానివ్వరు. కారు దూరంగా పెట్టి నడిచి వెళ్లాం. వీధి కనిపించక ముందే చప్పుడు వినిపించింది. పది రైసు మిల్లులు ఒక్కసారి ఆడుతున్నట్టు! వీధికి రెండు పక్కలా బళ్ల వరసలు, నడిమధ్యన ఇంకో రెండు వరసలు. వాటి సందుల్లోంచి మెల్లగా పారుతున్న బళ్ల ఏరు.

మనుషుల్ని చూస్తే మొదట కాస్త బెరుగ్గానే ఉంటుంది. నల్ల తోలు కోట్లు, చేతుల నిండా పచ్చబొట్లు, బొడ్డు దాకా గడ్డాలు. కాసేపు నిలబడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సగానికి సగం మంది తాతయ్యలూ, అమ్మమ్మలే! రిటైరయ్యాక మొగుడూ పెళ్లాం చెరో బండీ వేసుకుని వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు వచ్చినవాళ్లున్నారు. దారికి అడ్డం వచ్చామని నాకు పక్కకి జరిగి దారిచ్చిన ఆరడుగుల ఆసామి మా ఊళ్లో రామాలయం పూజారిగారంత మెత్తగా మాట్లాడాడు.

నన్ను ఆకట్టుకుంది ఆడవాళ్లు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు కాదు, ముందు సీట్లో హ్యాండిల్ పట్టుకున్నవాళ్లు. అరవై దాటిన ఒకావిడ నేనైతే కదిలించడానికి కూడా జంకే బరువైన బండిని కాలితో తన్ని నిలబెట్టి, హెల్మెట్ తీసి, జడ విదిలించుకున్న తీరు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. 2009 నుంచి ర్యాలీలో ఒక రోజు ఆడవాళ్ల కోసమే కేటాయించి, వాళ్లంతా కలిసి బళ్ల మీద ఊరేగుతున్నారు. పోగైన డబ్బు మంచి పనులకి ఇస్తారు.

అయితే అందరూ ఆవిడలా హెల్మెట్ పెట్టుకునేవాళ్లు కాదు. ఆ రాష్ట్రంలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి కాదు. నున్నని బట్టతలలు ఎండకి మెరుస్తూ పోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఏటా ఆ కొండ మలుపుల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు. మన పిల్లలు బండి తీసేటప్పుడు గుమ్మంలో నిలబడి "హెల్మెట్!" అని అరుస్తాం చూడండి, ఆ అరుపు మానకండి. ఎంత విసుక్కున్నా సరే.

లాభం ఎవరికి, నిద్ర ఎవరిది?

వీధి చివర నీడన టేబుల్ వేసుకుని నిమ్మరసం అమ్ముతున్న ఒక పెద్దావిడతో మా అమ్మాయి సాయంతో మాట కలిపాను. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతలే. ఆ పది రోజులూ ఇల్లు అద్దెకిచ్చేసి, పక్క ఊళ్లో ఉన్న చెల్లెలింట్లో ఉంటుందట. వచ్చిన డబ్బుతో ఇంటి పన్ను కట్టేసుకుంటుంది. ఇలా ఇళ్లు అద్దెకిచ్చి ఊరు విడిచి వెళ్లేవాళ్లు అక్కడ చాలామందే. ఇంటి ముందు గడ్డిలో గుడారాలకి చోటు అద్దెకిచ్చేవాళ్లు కొందరు, పొద్దున్నే టిఫిన్లు అమ్మి చర్చికి డబ్బు పోగుచేసేవాళ్లు కొందరు.

మునిసిపాలిటీ కూడా ఊరుకోదు. బయటి నుంచి వచ్చి కొట్టు పెట్టే ప్రతివాడూ లైసెన్సు తీసుకోవాలి, పన్ను కట్టాలి. బయటి ఊళ్ల నుంచి అదనంగా పోలీసుల్ని రప్పిస్తారు, చెత్త ఎత్తడానికి అదనంగా మనుషుల్ని పెడతారు. ర్యాలీ పనులు చూడ్డానికే ఒక విభాగం ఉంది. ఇదంతా ఒక్కరోజులో నేర్చుకున్నది కాదు. ఒకప్పుడు ఊరి పార్కులోనే గుడారాలు వేసుకోనిచ్చేవారు. 1980ల మొదట్లో తాగి గొడవలు, రాత్రిళ్లు మంటలు పెట్టడం ఎక్కువైపోయి ఊరివాళ్లు విసిగిపోయారు. పార్కులో గుడారాలు వద్దన్నారు. అప్పటి నుంచి ఆ హడావుడంతా ఊరి బయటి మైదానాలకి తరలింది. ఇంటికొచ్చిన చుట్టమైనా హద్దు మీరితే హద్దు చూపించక తప్పదు కదా!

ఇంత చేసినా రెండు వెలితులు నా కంటపడ్డాయి.

మొదటిది, ఆ బజారు. మెయిన్ స్ట్రీట్‌లో చాలా కొట్లు ఆ పది రోజుల కోసమే తెరుస్తారు. తక్కిన ఏడాదంతా తాళాలే. పది రోజుల అద్దె ఏడాది అద్దెని మించిపోతుంటే, రోజూ కావలసిన చిన్న కొట్టు అక్కడ ఎవరు పెడతారు చెప్పండి? పెళ్లికి తవ్విన గాడిపొయ్యి మీద రోజూ కాఫీ కాచుకోలేం కదా.

రెండోది, బేర్ బ్యూట్. స్టర్జిస్‌కి కొద్ది మైళ్ల దూరంలో, మైదానం మధ్య ఒంటరిగా లేచిన కొండ అది. లకోటా, షయాన్ అనే ఆదివాసి జనాలకి పవిత్ర క్షేత్రం. లకోటాలు దాన్ని మాతో పహా అంటారు. అక్కడికి వెళ్లి ఉపవాసాలుండి ప్రార్థనలు చేసుకుంటారు. చెట్ల కొమ్మలకి రంగురంగుల గుడ్డలు కట్టి ఉన్నాయి. మన గుడి దగ్గర చెట్టుకి కట్టే ముడుపులు గుర్తొచ్చి, నాకు తెలియకుండానే చేతులు జోడించాను. ఆ కొండ పక్కనే పెద్ద పెద్ద బార్లు, పాటల కచేరీలు పెడుతుంటే 2006లో వాళ్లు పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. వాళ్లు అడిగింది ర్యాలీ ఆపమని కాదు. మా దేవుడి ముందు ఈ గోల వద్దన్నారు, అంతే. మన ఇంట్లో పెళ్లి మైకు పక్కింట్లో పరీక్షకి చదువుకునే పిల్లకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించడం లాంటిదే ఇదీ.

ఎలాగూ వస్తారు కదా!

అసలు నేను ఈ వారం ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఇప్పుడు చెప్పేది.

2020లో కరోనా వచ్చింది. ఎనభయ్యో ర్యాలీ జరగాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. మునిసిపాలిటీ ఊళ్లోవాళ్ల అభిప్రాయం అడిగింది. జవాబిచ్చినవాళ్లలో నూటికి అరవై మంది పైగా ఈ ఏడు వాయిదా వేద్దాం అన్నారు. కౌన్సిల్ మాత్రం జరపడానికే ఓటు వేసింది. వాళ్లు చెప్పిన ముఖ్యమైన కారణం ఏమిటో తెలుసా? మనం వద్దన్నా జనం ఎలాగూ వస్తారు, అదేదో మనం సిద్ధంగా ఉండటమే నయం అని!

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "వాళ్లు ఎలాగూ వస్తారు కదా, నువ్వే ఏదోలా సర్దుకో." జ్వరంతో పడుకున్నా, పిల్లాడికి పరీక్షలున్నా, నెలాఖరైనా మనలో ఈ మాట వినని వాళ్లెవరు?

ఆ ఏడు నాలుగు లక్షల అరవై వేల వాహనాలు వచ్చాయి. కౌన్సిల్‌వాళ్లు అన్నట్టే జనం వచ్చారు. పక్కనున్న మిన్నెసోటా రాష్ట్రం వాళ్లు ఒక్క తమ రాష్ట్రంలోనే ఆ ర్యాలీతో ముడిపడిన కరోనా కేసులు 86 లెక్క తేల్చారు. అందులో ఒకరు చనిపోయారు. ర్యాలీకి వెళ్లినవాళ్లే కాదు, వెళ్లొచ్చినవాళ్ల వల్ల ఇంట్లో ఉన్నవాళ్లకి అంటుకున్నవి కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఈ పది రోజుల బేరం మీదే ఏడాదంతా బతికే కొట్లవాళ్ల బాధ కూడా చిన్నది కాదు, ఒప్పుకుంటాను. నన్ను పొడిచిందల్లా ఆ అడగడం, అడిగి వదిలేయడం. బరువు మోసేవాళ్ల మాట విన్నట్టే విని పక్కన పెట్టేస్తే, అది అడిగినట్టా?

డొరొతీ ఐసు నీళ్లిచ్చింది. పెర్ల్ వండి పెట్టింది. రెండూ బోలెడు చాకిరీలే. కానీ ఆ పనుల్లో తమ ఇష్టం ఉంది కాబట్టి దాహం తీర్చామన్న తృప్తి, నలుగురికి పెట్టామన్న సంతోషం మిగిలాయి. అదే పని "ఎలాగూ తప్పదు" అని నెత్తిన పడితే చేతులు చేస్తాయి గాని మనసు చెయ్యదు. అతిథి దేవుడే, కాదనను. దేవుడికి నైవేద్యం వండేవాళ్లని కూడా ఒక మాట అడగాలి కదండీ!

మన ఇంటికి తెచ్చుకోదగ్గవి

స్టర్జిస్ ఎనభై ఏళ్లకి పైగా పడుతూ లేస్తూ నేర్చుకున్న పాఠాలు మన ఇంటి పండగలకి, శుభకార్యాలకి చక్కగా పనికొస్తాయి.

ఒకటి, రోజులు ముందే ఖాయం చేసుకోండి. ర్యాలీకి మొదటి రోజూ ఉంది, చివరి రోజూ ఉంది. "ఇంకో రెండ్రోజులుండి వెళ్తాం" అన్నది మన వీలు కనుక్కున్నాక ఖాయమవ్వాలి.

రెండు, పడక సంగతి. వాళ్లు పార్కులోంచి గుడారాలు బయటికి పంపినట్టు, పదిమందికి మించితే ఎదురింటి మేడమీది గది రెండ్రోజులకి అడిగి పుచ్చుకోండి. హాల్లో అందరూ పడుకుంటే తెల్లవారుజామున లేచే ఇల్లాలికి అడుగు పెట్టే చోటుండదు.

మూడు, అదనపు చేతులు. లక్షల మంది వస్తారంటే ఆ ఊరు బయటి నుంచి మనుషుల్ని తెచ్చుకుంటుంది. మనం మాత్రం ఎంతమంది వచ్చినా రెండు చేతులతోనే లాక్కొద్దామనుకుంటాం! పనిమనిషికి ముందే చెప్పి, ఆ రోజులకి వేరే డబ్బు మాట్లాడుకోండి. మంచినీళ్లు పట్టడం, విస్తళ్లు వేయడం, తీయడం ఇంట్లో మగవాళ్లకీ పిల్లలకీ పేరుపేరునా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. రాసి ఉంటే అడగడం తేలిక, తప్పించుకోవడం కష్టం.

నాలుగు, ఖర్చు. కొట్టు పెట్టేవాడి దగ్గర లైసెన్సు డబ్బు తీసుకోవడానికి ఊరు మొహమాటపడదు. అన్నదమ్ములంతా కలిసి చేసుకునే అమ్మగారి పుట్టినరోజుకి గ్యాసు, పాలు, కూరలు ఒక్కరే ఎందుకు భరించాలి? మొదటి రోజే నవ్వుతూ ఒక డబ్బా పెట్టేయండి.

ఐదు, అన్నింటికంటే ముఖ్యమైనది, ముందు అడగడం. "వాళ్లని రమ్మన్నాను" అని చెప్పడానికి, "రమ్మందామా?" అని అడగడానికి మధ్య ఒక ఇల్లాలి గౌరవమంతా ఉంది. ఈ ముక్క మీవారికి చదివి వినిపించండి. నా పేరు చెప్పినా ఫర్వాలేదు!

మీరూ వెళ్తారా?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, ఆగస్టులో అటువైపు వెళ్లే పనిబడితే నాలుగు ముక్కలు. బస ఆరు నెలల ముందే చూసుకోమనండి. రద్దీ వద్దనుకుంటే ర్యాలీ ముందు వారం గాని, తర్వాత వారం గాని వెళ్లండి. కొండలు ఎక్కడికీ పోవు. మెయిన్ స్ట్రీట్‌కి పొద్దున్నే వెళ్తే ఎండా తక్కువ, జనమూ తక్కువ. సాయంత్రాలు తాగుడు ఎక్కువ. చెవుల్లో పెట్టుకోవడానికి దూది గాని, ఇయర్ ప్లగ్గులు గాని మరవకండి. పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి కొండగాలికి చలేస్తుంది. ఒక పల్చటి స్వెట్టర్ ఉండాలి.

తిండి విషయం. దొరికేదంతా మాంసమే. శాకాహారులకి బంగాళాదుంప వేపుడే దిక్కు. మా అమ్మాయి ముందు రోజు రాత్రే చింతపండు పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. పులుసు చిక్కగా ఉడికించి, నూనె కాస్త ఎక్కువ వేసి, అన్నం పూర్తిగా చల్లారాక కలిపితే మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. పోపులో పల్లీలు మాత్రం విడిగా కాగితంలో కట్టుకుని తినేముందు కలుపుకోండి, మెత్తబడకుండా కరకరలాడతాయి. బేర్ బ్యూట్ దగ్గర చెట్ల గుడ్డలు ముట్టుకోకండి, ఫోటోలు తీయకండి. అక్కడ ప్రార్థన చేసుకునేవాళ్లుంటే గొంతు తగ్గించండి.

మరి మీ సంగతి చెప్పండి. ఇంటికి చుట్టాలని పిలిచే ముందు మీ ఇంట్లో మిమ్మల్ని అడుగుతారా? అడిగితే మీ మాట చెల్లుతుందా? పదిమంది వచ్చినప్పుడు పని పంచడానికి మీరు కనిపెట్టిన చిట్కాలేమిటి? ఒక కార్డు ముక్క రాయండి. అందరికీ పనికొచ్చేవి ఈ పేజీలోనే చెప్పుకుందాం.

ఈలోగా ఎవరైనా ఎండన పడి మీ గుమ్మంలోకి వస్తే, చల్లని మంచినీళ్లు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఇస్తారని నాకు తెలుసు. ఉంటాను మరి.